ఏసుదానం మాస్టారి మంచిపని

పగ పెట్టుకోకూడదని నాకు చాలామంది చెప్పారు. చెప్పినవాళ్ళలో ఒక్కడికీ వెయ్యిమంది ముందు నిక్కరులోంచి రంగు కారలేదు. నాకు కారింది. నాతోపాటు మా ఊరి కుర్రాళ్ళు ఇరవైముగ్గురికీ కారింది. ఆ రోజు నుంచి రెండేళ్ళు మా స్కౌట్ మాస్టారు ఏసుదానం గారు ఒకే ఒక్క కోరికతో బతికారు. ఆ రోజు మమ్మల్ని నవ్వులపాలు చేసిన గణపతిరావు చేత నలుగురిలో ‘నాదే తప్పు’ అనిపించాలి. అనిపించారు కూడా. ఎలా అనిపించారో, అందులో నా పాపం ఎంతో చెప్పకుండా ఆయన గురించి ఇంకేం రాసినా అది అబద్ధమే అవుతుంది.

మాది పొందూరు పక్కన నేత ఊరు. ఇల్లిల్లూ మగ్గమే. ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, రాట్నం మీద నూలు వడుకుతారు. మగవాళ్ళు నేస్తారు. మా ఈడు పిల్లల పని కండెలకి నూలు చుట్టడం. అలాంటి ఊళ్ళోకి అరవైనాలుగులో భీమిలి వైపు నుంచి డ్రిల్లు మాస్టారుగా వచ్చారు ఏసుదానం గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మెడలో విజిలు వేసుకుని సైకిలు మీద వీధివీధీ తిరిగి ‘స్కౌట్లలో చేరండర్రా’ అని పిలిచేవారు. ఎవడు చేరతాడు? స్కౌటంటే తినేదో తాగేదో కూడా మాకు తెలియదు. పైగా ఆయన బాప్టిస్టు మిషను మనిషి. పిల్లల్ని కొండల్లోకి తీసుకుపోయి ఏటిలో ముంచి కిరస్తానంలో కలిపేస్తాడని మా అమ్మ జగ్గమ్మ ఊరంతా చాటింది.

ఆ సంగతి తెలిసి ఆయన నేరుగా మా ఇంటికే వచ్చారు.

“అమ్మా, మీ అప్పలసూరిని పొద్దున్నొక గంట నాకొగ్గీండి.”

“ఒగ్గేత్తే కండెలెవుడు సుడతాడు బావూ? నువ్వు సుడతావేటి?” అంది అమ్మ, ఇంక నోరెత్తడనుకుని.

“సుడతాను. ఎలాగో సూపించండి” అని ఆయన అరుగు మీద చతికిలబడ్డారు.

ఆయన చుట్టిన మొదటి కండె చూసి మా నాన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చి మరీ నవ్వాడు. అయినా మాస్టారు మానలేదు. వారం రోజులు తెల్లారగట్లే వచ్చి కూర్చున్నారు. ఎనిమిదో రోజు అమ్మే చేతులెత్తేసింది. “ఎల్రా గుంటడా, ఎల్లు. ఈ బాబు మా నూలు పాడు సేసేకంటే నువ్వెల్డమే నయం” అంది. నేను చేరాక నా వెనక వీధి మొత్తం చేరింది.

ఆయన నేర్పినవన్నీ మాకు సరదాగానే ఉండేవి. ముడులైతే మాకు కొత్తేమీ కాదు, తెగిన నూలు అతుక్కుంటూ పెరిగినవాళ్ళం. జెండా సంజ్ఞలు, గిన్నెల్లేకుండా వంట, దారి గుర్తులు, దెబ్బలకి కట్లు. కట్లు కట్టడం ఆయన భార్య జ్ఞానసుందరమ్మ గారు నేర్పేవారు. మిషను ఆస్పత్రిలో నర్సు ఆవిడ. రోజుకొక మంచిపని చెయ్యాలన్నది స్కౌటు నియమం. చేసి చెప్పుకుంటే అది మంచిపనే కాదని మాస్టారు మరీమరీ చెప్పేవారు.

యూనిఫారం దగ్గర వచ్చింది చిక్కు. ఖాకీ డ్రిల్లు కొనుక్కోవాలంటే మిల్లుగుడ్డ. ఊరి పెద్దలు ససేమిరా అన్నారు. “ఊరందరికీ గుడ్డ నేసిపెట్టేవోలం. మన పిల్లలకి మిల్లుగుడ్డ తొడిగితే పరువేటుంటాది?” అని, మందంగా మంచి గుడ్డ వాళ్ళే నేసిచ్చారు. నేత వరకూ వంక పెట్టడానికి లేదు. అయితే మాది తెల్లగుడ్డ తప్ప రంగు ఎరగని ఊరు. రంగులవాళ్ళని అడిగితే చెప్పేవాళ్ళే. మనకి నేతే వచ్చినప్పుడు రంగెంత అనుకున్నారు మావాళ్ళు. ఆ పొగరే కొంప ముంచింది. తుమ్మబెరడు, కరక్కాయలు గంగాళంలో ఉడకబెట్టి గుడ్డ ముంచి తీశారు. ఖాకీ అచ్చంగా దిగింది. ర్యాలీ దాకా తడిపితే మడత పోతుందని ఒక్కసారి కూడా ఉతకకుండా ఇస్త్రీ చేసి దాచారు.

అరవైయారు నవంబరు. శ్రీకాకుళం మైదానంలో జిల్లా ర్యాలీ. అందరూ వరసల్లో నిలబడ్డాక తుపాను వాన పట్టుకుంది. ఎవరూ కదలకూడదని ఆర్డరు. మేం కదల్లేదు. మా రంగు కదిలింది. తొడల మీద నుంచి మోకాళ్ళ మీదకి, అక్కడ నుంచి మేజోళ్ళలోకి గోధుమరంగు నీళ్ళు ధారలు కట్టాయి. ఆ ఏడాది తనిఖీ చేసేది గణపతిరావు. పట్నంలో ఒక పెద్ద హైస్కూలు స్కౌట్ మాస్టరు. నా ముందు ఆగి, నా కాళ్ళు చూసి, గొడుగు పక్కకి జరిపి అందరికీ వినపడేలా అన్నాడు.

“ఏమయ్యా ఏసుదానం, నీ పిల్లలకి కలరా గానీ తగిలిందా?”

మైదానం గొల్లున నవ్వింది. అంతటితో ఆపినా పోయేది. “నేర్పడం చేతకానివాడు ఇంట్లో కూచోవాలి. మగ్గం గుంటలోంచి నలుగురిని లాక్కొచ్చి స్కౌట్లంటే అయిపోతారా?” అని మమ్మల్ని మైదానం బయటికి పంపించేశాడు. నాకు పదమూడేళ్ళు. ఏడవకూడదని పెదవి కొరికితే రక్తం వచ్చింది. వాడి నాలిక పడిపోను అని మనసులో నూరుసార్లు తిట్టుకున్నాను.

తిరుగు రైల్లో మా తడిబట్టల మధ్య కూర్చుని మాస్టారు నోరు విప్పారు. “ఆ మాట ఆడి నోటితోనే ఎనక్కి తీయిస్తాను. అందాకా నాకు నిద్ర నేదు” అన్నారు. ఆయన అంత కసిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. పగ దేవుడికి వదిలెయ్యమని జ్ఞానసుందరమ్మ గారు చాలాసార్లు చెప్పి చూశారు. “దేవుడికి శానా పనులున్నాయి సుందరీ. ఈ ఒక్కటీ నేను సూసుకుంటాను” అనేవారు ఆయన.

రెండేళ్ళు మమ్మల్ని అరగదీశారు. నెల్లిమర్ల మిల్లు గోనెతో వీపు సంచులు కుట్టించి, భుజాలు ఒరుసుకోకుండా పట్టీల్లో పత్తి కూరించి, వాటి నిండా ఇసక పోసి ప్రతి రెండో శనివారం నడిపించారు. ఈసారి గుడ్డకి రంగు రంగులవాళ్ళ చేతే వేయించారు. నేను జ్ఞానసుందరమ్మ గారి దగ్గర కూర్చుని ఎముకలు, కీళ్ళు, కట్లు నేర్చుకుని ప్రథమ చికిత్సకి ఇచ్చే అంబులెన్సు బేడ్జి సంపాదించాను. మా దళం మొత్తంలో అది నా ఒక్కడికే. పరీక్ష పెట్టిన డాక్టరు ‘ఈ కుర్రాడికి నా అంత వచ్చునయ్యా’ అన్నాడని మాస్టారు నెల్లాళ్ళు ఊరందరికీ చెప్పుకున్నారు.

అరవైయెనిమిది డిసెంబరులో జిల్లా క్యాంపు శ్రీకూర్మంలో పెట్టారు. ఇరవై దళాలు. అందులో గొప్ప పోటీ హైకు. వీపున మూటలతో నడిచి వెళ్ళి, వండుకు తిని, ఓ రాత్రి పడుకుని, తిరిగి క్యాంపుకి చేరాలి. అంతకుముందు ఏజెన్సీ కొండలకి పంపేవారు. ఆ ఏడాది అక్కడ గిరిజనులకీ పోలీసులకీ గొడవలు జరుగుతున్నాయి, ఖాకీ కనపడితే జనం పరిగెత్తే రోజులు. అందుకని శాలిహుండం కొండతో సరిపెట్టారు. చీట్లు తీస్తే మాకూ గణపతిరావు దళానికీ ఒకే రోజు పడింది. మాస్టారు ఆ చీటీ కళ్ళకద్దుకున్నారు.

కొండ ఎక్కేసరికి పట్నం పిల్లలకి కొత్త బూట్లు కరిచి కాళ్ళు బొబ్బలెక్కాయి. మాకు చెప్పుల్లేని నడక అలవాటే. తెల్లారి మేం ముందుగా మూటలు కట్టడం గణపతిరావు చూశాడు. మాకంటే ముందు దిగాలని తన పిల్లల్ని కేకలేసుకుంటూ, మంచుకి తడిసిన మెట్ల మీద అడుగున ఇనప నాడాలు కొట్టిన బూట్లతో గబగబా దిగాడు. జారాడు. నాలుగు మెట్లు దొర్లి కింద పడ్డాడు.

మాస్టారు విజిలు ఊదారు. మేం మూటలు పడేసి పరిగెత్తాం.

“విరిగింది, నా కాలు విరిగిందయ్యా” అని గణపతిరావు మూలుగుతున్నాడు. వాళ్ళ పిల్లలు చుట్టూ బిక్కచచ్చి నిలబడ్డారు. మాస్టారు వాళ్ళందరికీ వినపడేలా నన్ను పిలిచారు. “అప్పలసూరీ, అంబులెన్సు బేడ్జి నీకే కదా ఉన్నాది. సూసి సెప్పు.” తాను వంగి చూడలేదు. తన శిష్యుడు చూడటమే ఆయనకి కావాలి.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. జ్ఞానసుందరమ్మ గారు నేర్పినట్టే రెండో కాలితో పోల్చి చూసి, మేజోడు మీద నుంచి వేళ్ళతో నెమ్మదిగా తడుముతూ వచ్చాను. మోకాలికీ మడమకీ మధ్య ఒకచోట నా వేలి కింద ఎముక గరగరమంటూ కదిలింది. గణపతిరావు కెవ్వుమన్నాడు. ఇంక అనుమానం లేదు. రెండు కర్రలు అటూ ఇటూ పెట్టి కదలకుండా కట్టెయ్యాలి, దగ్గరున్న డాక్టరు దగ్గరికి చేర్చాలి. ఇవన్నీ నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

తలెత్తి వాడి మొహం చూశాను. గొడుగు పక్కకి జరిపిన మొహం. ఇప్పుడు కట్టు కడితే బండెక్కి దర్జాగా పడుకుని పోతాడు, జాలి పడతారు తప్ప ఒక్కడూ నవ్వడు అనిపించింది.

“బెణికింది మాస్టారూ. ఎముక బాగానే ఉన్నాది” అన్నాను.

“కాదయ్యా, విరిగింది. నాకు తెలుస్తోంది” అన్నాడు గణపతిరావు.

“మావోడు సెప్పాడంటే అది ఖాయం సార్” అన్నారు మాస్టారు. ఆయన మొహం చాటంతయింది. “రెండేళ్ళు నేర్పించాను.”

కొండ కింద రైతు ఒకాయన బండి కడతానన్నాడు. “గార ఊళ్ళో డాట్రు బాబున్నాడు, బేగి తీసుకెల్పోతాను బావూ” అన్నాడు. మాస్టారు ఆయనకి దణ్ణం పెట్టారు. “ఉత్త బెణుక్కి డాక్టరెందుకు నాయుడూ? మా పిల్లలు మోస్తారు. స్కౌటన్నాక రోజుకొక మంచిపని సెయ్యాలి కదా” అన్నారు.

రెండు వెదురు కర్రలకి మా నేత దుప్పటి చుట్టి డోలీ కట్టాం. నలుగురు చొప్పున వంతులు. మా మూటలు పట్నం పిల్లలకెత్తించారు మాస్టారు. “మేం మీ మాస్టారిని మోస్తన్నాం, మీరు మా బియ్యం మొయ్యండి” అంటే వాళ్ళు కిక్కురుమనకుండా ఎత్తుకున్నారు. పొలాల గట్ల మీద అడ్డదారి ఉంది. మాస్టారు ఊళ్ళ మీదుగా నడిపించారు. శ్రీకూర్మానికి ఆరు మైళ్ళు. ముందు ఆయన, వెనక డోలీ, ఆ వెనక కుంటుకుంటూ పట్నం పిల్లలు. ఊరు రాగానే విజిలు. జనం పోగయ్యేవారు.

“ఏటయింది బావూ? పోయినాడేటి?”

“నేదమ్మా, నిక్షేపంలాగున్నారు. పట్నంలో పెద్ద స్కూలు స్కౌట్ మాస్టారు. కొండ దిగడం రాక పడ్డారు. మా మగ్గం గుంటలో పిల్లలు మోసుకెల్తన్నారు” అనేవారు మాస్టారు, ఎంతో మర్యాదగా.

ప్రతి ఊళ్ళోనూ అదే పాట. ఓ ముసలమ్మ మజ్జిగ తెచ్చి పోస్తూ “ఓలమ్మ, ఇంత పెద్ద బాబుకి కొండ దిగడం రాదేటి!” అని బుగ్గలు నొక్కుకుంది. గణపతిరావు మొహమ్మీద చెయ్యడ్డం పెట్టుకున్నాడు. డోలీ ఊగినప్పుడల్లా పళ్ళ బిగువున మూలిగేవాడు. నటిస్తున్నాడనుకుని మాస్టారు మావైపు చూసి కన్ను గీటేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, అంత ఆనందం నా పెళ్ళినాడు కూడా నేనెరగను. నాలుగో మైలు దగ్గర వంతు మారుతున్నప్పుడు మేజోడు పైన కాలు నల్లగా కమిలి, ఉబ్బి ఉండటం చూశాను. దుప్పటి అంచు లాగి కప్పేశాను.

క్యాంపు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇరవై దళాలూ భోజనాల వరసలో ఉన్నాయి. మాస్టారు మా చేత స్లో మార్చి చేయించి డోలీని జెండా కర్ర దాకా నడిపించారు. జిల్లా స్కౌట్ల కమిషనరు గారు పరిగెత్తుకొచ్చారు. పిల్లలంతా చుట్టూ మూగారు. గణపతిరావు చెమటతో ముద్దయి ఉన్నాడు. ఎవరూ అడగకుండానే మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

“ఏసుదానం గారూ, ఆనాడు మీ పిల్లల్ని అలా అనడం నాదే తప్పు. ఎంతసేపు మోశారయ్యా, ఒక్కడూ విసుక్కోలేదు. మీలా నేర్పడం మావల్ల కాదు” అన్నాడు.

అందరూ విన్నారు. మాస్టారు ఏడ్చేశారు. జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ, ఆయన చెయ్యి వదలకుండా, “పోనీండి సార్, పోనీండి” అన్నారు. రెండేళ్ళ నుంచి కోరుకున్నది చేతికొచ్చింది. ఆ ఆనందం జీపులో శ్రీకాకుళం ఆస్పత్రికి చేరేదాకా ఉంది. వెంట నన్నూ ఎక్కించుకున్నారు.

డాక్టరు బూటు కోసి తీశాడు. మేజోడు కోశాడు.

“రెండు ఎముకలూ విరిగాయి. కట్టు లేకుండా ఎంత దూరం తెచ్చారు దీన్ని?”

“ఆరు మైళ్ళు” అన్నారు మాస్టారు.

“లోపల కండంతా ఎముక ముక్కలే కోసేశాయి. పొద్దున్నే కర్రతో బిగించి ఉంటే రెండు నెలల్లో లేచి తిరిగేవాడు. ఇప్పుడు కాలు నిలిస్తే గొప్ప. నడిస్తే కుంటే” అన్నాడు డాక్టరు. “మీకు స్కౌట్లలో నేర్పుతారు కదయ్యా ఇవి!”

మాస్టారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. ఆయన కళ్ళలో కోపం లేదు, భయం ఉంది.

“అప్పలసూరీ, తెలిసి సెప్పావా, తెలీక సెప్పావా?”

తెలిసి అంటే మళ్ళీ నా మొహం చూడరు. అదొక్కటే తోచింది నాకు.

“తెలీక, మాస్టారూ” అన్నాను.

ఆయన గోడకి చేరబడ్డారు.

నాలుగోనాడు నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళారు. స్కౌట్ మాస్టరు పని వదులుకుంటున్నానని కమిషనరుకి రాసిన కాగితం జేబులో ఉంది. పిల్లవాడికి ప్రథమ చికిత్స సరిగా నేర్పలేకపోయినందువల్ల అని కారణం రాశారు. మంచం పక్కన నిలబడి గణపతిరావుకి అది చదివి వినిపించారు. “మీరానాడు అన్నదే నిజం సార్. నాకు నేర్పడం రాదు. మీ కాలు నావల్లే పోయింది” అన్నారు.

గణపతిరావు ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు. చూస్తూనే చెప్పాడు.

“నేర్పడంలో మీ లోపం ఏమీ లేదు మాస్టారూ. వీడి వేలు సరిగ్గా విరిగినచోటే ఆగింది. వీడికి తెలుసు. అడగండి.”

మాస్టారు నావైపు తిరగనైనా తిరగలేదు. “మీరు పెద్దమనసుతో నన్ను కాయాలని అంటున్నారు గానీ, మావోడు అబద్ధం ఆడడు సార్” అన్నారు.

గణపతిరావు మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. నేను నోరు విప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. విప్పలేదు. మా దళం ఆ నెలలోనే మూతపడింది. ఆయన ఇంకో పదిహేడేళ్ళు డ్రిల్లు మాస్టారుగానే ఉండి రిటైరయ్యారు. మళ్ళీ ఒక్క పిల్లాడికి కట్టు కట్టడం గానీ ముడి వెయ్యడం గానీ నేర్పలేదు. ఎవరైనా అడిగితే నాకు చేతకాదు నాయనా అనేవారు. పోయేదాకా అలాగే అనుకుని పోయారు.

ఆ రోజు ఆస్పత్రి గేటు దాటాక ఆయన నా మొహంలోకి చూసి, “ఏటిరా అలగున్నావు? పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు కదూ” అన్నారు. ఎదురుగా హోటల్లోకి తీసుకెళ్ళి నాకు ఇడ్లీ పెట్టించారు. తాను ఏమీ తినలేదు, మంచినీళ్ళు తాగి ఊరుకున్నారు. ఇంకో ప్లేటు చెప్పనా అని అడిగారు. చెప్పమన్నాను. అదీ తిన్నాను.